నిండు నిమిషం

మా ఇంట్లో ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలే. నేను వరంగల్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఆయన కాజీపేటలో లోకో పైలట్. నాకు మార్నింగ్, ఆఫ్టర్‌నూన్, నైట్ డ్యూటీలు మారుతుంటాయి. ఆయనకు ఆ లెక్క కూడా ఉండదు. కాల్ వచ్చిందంటే రెండు గంటల్లో తయారై వెళ్లాలి. అది అన్నం ముందు కూర్చున్నప్పుడు రావచ్చు, రాత్రి రెండింటికి రావచ్చు. మా మామయ్య కూడా రైల్వేలోనే చేశారు. ఆయన రోజుల్లో కాల్‌బాయ్ ఇంటికి వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడట. ఇప్పుడు ఫోన్ మోగుతుంది. మిగతాదంతా అదే.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, మంచి అలవాట్ల గురించి, మనసు పెట్టి బతకడం గురించి నేను విన్న సలహాలన్నీ దాదాపు రోజు తన చేతిలో ఉన్న మనిషికి చెప్పినవే. ఐదింటికి లేవండి, అరగంట నడవండి, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. మంచి మాటలే. నైట్ డ్యూటీ దిగి వస్తుంటే భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి ఇళ్లకు తిరిగిపోయేవాళ్లు కనిపిస్తారు, మొహాలు తేటగా ఉంటాయి. వాళ్లకు ఆ గంట దొరికింది, మంచిగా వాడుకుంటున్నారు. నాకు సంతోషమే. కానీ ఆ గంట లేనివాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది! ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీలు, డిపో నుంచి చీకట్లోనే మొదటి బస్సెక్కే కండక్టర్లు, పిల్లల డబ్బాలు కట్టి పంపి ఆ తర్వాత బట్టల షాపులో రాత్రి దాకా నిలబడే ఆడవాళ్లు. తమను తాము బాగు చేసుకోవాలన్న కోరిక వాళ్లకేం తక్కువ లేదు. గంట లేదు, అంతే.

నాకు మాత్రం నా పనిలోనే ఒక నిమిషం దొరికింది. దాని గురించే ఇది.

నర్సింగ్ చదివేటప్పుడు మా ట్యూటర్ మేడం ఒక విషయంలో చాలా గట్టిగా ఉండేవారు. పేషెంట్ ఊపిరి లెక్కపెడితే పూర్తి నిమిషం లెక్కపెట్టాల్సిందే. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒప్పుకునేవారు కాదు. ఒక్క శ్వాస అటూ ఇటూ అయితే లెక్కలో నాలుగు తేడా వచ్చేస్తుంది. పైగా జబ్బు మనిషి ఊపిరి ఒక తీరుగా నడవదు, కాసేపు గబగబా, కాసేపు ఆగి ఆగి వస్తుంది. ఇంకో నియమం కూడా ఉంది. లెక్కపెడుతున్నామని పేషెంట్‌కు తెలియకూడదు. తెలిస్తే ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి చూసిన వేళ్లు మణికట్టు మీద అలాగే ఉంచి, కళ్లు మాత్రం ఛాతీ వైపు తిప్పాలి. చీర కొంగో, దుప్పటి అంచో లేచి పడుతుంటుంది. అది ఒకసారి లేచి పడితే ఒకటి.

పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 దాకా మామూలు. మనిషి పరిస్థితి చెడేటప్పుడు చాలాసార్లు బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. బీపీకి మిషనుంది, ఆక్సిజన్‌కు వేలికి పెట్టే క్లిప్పుంది. మామూలు వార్డులో ఊపిరికి మాత్రం ఇప్పటికీ మనిషి కళ్లే కావాలి.

ఆ నిమిషం లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మొదటి పది సెకన్లు మనసు మంచం దగ్గర ఉండదు. పక్క బెడ్ సెలైన్ అయిపోవస్తోంది, ఫార్మసీకి ఇండెంట్ పంపాలి, బిడ్డ స్కూల్ నుంచి వచ్చిందో లేదో. అంతలో లెక్క తప్పుతుంది. తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి, వేరే దారి లేదు. అందుకే మనసు తనంతట తనే తిరిగొస్తుంది. సగం దాటాక చుట్టూ శబ్దాలన్నీ వినిపిస్తూనే ఉంటాయి. ట్రాలీ చక్రం కీచుమంటుంది, ఎవరి అటెండెంటో ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుంటాడు. వినిపిస్తాయి గానీ వాటి వెంట పోబుద్ధి కాదు. ఇంకాస్త ముందుకు పోతే మనిషి కనిపించడం మొదలవుతుంది. గొంతు కింద పడుతున్న గుంటలు, ఎండిపోయిన పెదవులు, ముంజేతి మీద పాత పచ్చబొట్టు, ఏదో జాతరలో కట్టుకున్న దారం. గంటల తరబడి ఆ వార్డంతా తిరిగినా చూడనివి ఆ ఒక్క నిమిషంలో కనిపిస్తాయి.

ములుగు వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఒకసారి అడిగింది.

“ఏం బిడ్డా, గింతసేపు చెయ్యి పట్టుకున్నవ్? మంచిగనే ఉన్ననా?”

“మంచిగనే ఉన్నవ్ అవ్వా.”

“పొద్దటిసంది నా దగ్గర గింతసేపు నిలబడ్డది నువ్వే.”

నేను ఆమె దగ్గర నిలబడ్డది నిమిషమే. నాడి చూసిన సమయం కలిపితే ఇంకాస్త ఎక్కువ. నిండుగా ఇచ్చిన నిమిషం తీసుకునేవాళ్లకు ఎంత పెద్దగా ఉంటుందో నాకు అర్థమైంది ఆ రోజే. నన్ను నేను బాగు చేసుకోవడం అనే మాటకు ఆ తర్వాత నా మనసులో అర్థమే మారింది. ఎదుటి మనిషి మీద మనసు నిలపగలుగుతున్నానా లేదా అన్నదే ఇప్పుడు నాకు కొలత. నేను ప్రశాంతంగా ఉన్నానా లేదా అన్నది తర్వాతి సంగతి.

మనసు నిలవాలంటే చుట్టూ నిశ్శబ్దం కావాలంటారు. నేను ఒప్పుకోను. 2024 ఫిబ్రవరి మేడారం జాతరలో మెడికల్ క్యాంపు డ్యూటీ చేశాను. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ వచ్చే జాతర. చూసినవాళ్లకు తెలుసు ఆ మోత ఎట్లా ఉంటుందో. డప్పులు, శివసత్తుల పూనకాలు, జంపన్న వాగు నుంచి తడి బట్టలతో వచ్చే జనం, గద్దెల వైపు నెత్తిన బెల్లం పెట్టుకుని నడిచేవాళ్లు, తప్పిపోయిన పిల్లల పేర్లు ఆపకుండా చదివే మైకులు. గాలి నిండా దుమ్ము. ఆ మధ్యలో ఒక తల్లి ఏడు నెలల పిల్లవాణ్ని తీసుకొచ్చింది. సర్ది చేసింది, పాలు తాగట్లేదు అంది. పక్కనున్న నానమ్మ మాత్రం వేరే చెప్పింది: “సర్ది గాదు బిడ్డా, దమ్ము తీస్తుండు.”

రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50, అంతకంటే ఎక్కువ ఉంటే న్యుమోనియాగా అనుమానించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. ఏడాది దాటి ఐదేళ్ల లోపు అయితే 40. ఊళ్లలో ఆశా వర్కర్లకు కూడా ఇదే నేర్పుతారు. కానీ పిల్లవాడు ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు, నెమ్మదించాక చూడాలి. తల్లిని కింద కూర్చోబెట్టి, ఒళ్లో పడుకోబెట్టమన్నాను. చొక్కా పైకి జరిపి పొట్ట వైపు చూస్తూ మొదలుపెట్టాను. ముప్పై దాకా వచ్చేసరికి కాళ్లు తన్ని ఏడ్చాడు. నానమ్మ కొంగుతో విసిరింది. ఊరుకున్నాక మళ్లీ ఒకటి నుంచి. నా చుట్టూ లక్షల మంది ఉన్నారు, నాకు మాత్రం అరచేతంత పొట్ట తప్ప ఇంకేమీ లేదు. 58 వచ్చింది. ఇంకోసారి చూస్తే 57. పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుంటోంది. డాక్టర్‌ను పిలిచాను. మొదటి డోసు ఇచ్చి 108లో ములుగు పంపించారు. ఆ రోజు నేను ధ్యానం చేశానని ఎవరూ అనరు. నాకు తెలిసి నా మనసు అంత నిలకడగా నిలిచిన సందర్భాలు తక్కువ.

ఊపిరిని గమనించడం గురించి బుద్ధుడు చెప్పిన పద్ధతిని నేను తర్వాత తెలుసుకున్నాను. పెద్దపల్లి దగ్గర చుట్టాలింటికి పోయినప్పుడు ఎలిగేడు మండలంలోని ధూళికట్టకు వెళ్లాం. శాతవాహనుల కాలం నాటి బౌద్ధ స్తూపం అక్కడ తవ్వకాల్లో బయటపడింది. బుద్ధుడికి పడగ పట్టిందని చెప్పే ముచిలింద నాగును చెక్కిన రాతి ఫలకం కూడా అక్కడ దొరికిందే. చుట్టూ పొలాలు. మన పాత కరీంనగర్ జిల్లా పల్లెల మధ్య రెండు వేల ఏళ్ల కింద భిక్షువులు ఉన్నారని, ఇక్కడ కూర్చునే ఊపిరి గమనించి ఉంటారని అనుకుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఇంటికొచ్చాక దాని గురించి చదివాను. బౌద్ధంలో దాన్ని ఆనాపానసతి అంటారు. ఊపిరి పొడవుగా వస్తే పొడవుగా వస్తోందని తెలుసుకోవడం, పొట్టిగా వస్తే పొట్టిగా వస్తోందని తెలుసుకోవడం. అక్కడ మొదలు. దాన్ని సాగదీయమని చెప్పలేదు. ప్రాణాయామం వేరు, అందులో మనం ఊపిరిని నడిపిస్తాం. దాని లాభం దానిది. ఇందులో మాత్రం చూడడమే. మా ట్యూటర్ మేడం చెప్పింది కూడా ఇదే కదా, నువ్వు చూస్తున్నావని దానికి తెలియనివ్వకు, అది ఎట్లా ఉందో అట్లా లెక్కపెట్టు అని. తేడా ఒక్కటే. మేము వేరేవాళ్ల ఊపిరి చూస్తాం.

ఈ పద్ధతి మళ్లీ ఆసుపత్రుల్లోకి రావడం కూడా నాకు నచ్చిన సంగతి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన, మందులతో పూర్తిగా తగ్గని నొప్పులున్న పేషెంట్ల కోసం ఒక కోర్సు మొదలుపెట్టారు. ఇప్పుడది ఎనిమిది వారాల కోర్సు. మతంతో పని లేకుండా, ఊపిరిని, ఒంటిని గమనించడం నేర్పారు. ఇప్పుడు అందరూ మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నదాన్ని జనంలోకి తెచ్చింది చాలావరకు ఆ కోర్సే. నొప్పి పోతుందని ఆయన మాటివ్వలేదు. నొప్పితో ఉంటూనే ఎట్లా బతకాలో నేర్పాలనుకున్నారు. ఆర్థో వార్డులో పనిచేసిన ఎవరికైనా ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

మా ఆయనకు ఈ పుస్తకాల సంగతులు పట్టవు. కానీ ఇంజన్‌లో ఆయన చేసేది విన్నాక ఆయన నాకంటే ముందున్నారనిపించింది. సిగ్నల్ కనిపించగానే పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ దాని రంగు గట్టిగా పైకి చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు తిరిగి చెప్పాలి. రెండు పసుపు దీపాలు, ఒక పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, ఏదైనా సరే. సింగరేణి బొగ్గు గూడ్సు బండి తీసుకుని రాత్రంతా బల్లార్షా లైన్‌లో నడిపినా ప్రతి సిగ్నల్‌కూ ఇదే పద్ధతి.

“సిగ్నల్ నీకూ కనబడుతది, ఆయనకూ కనబడుతది. మరి ఒర్రుడెందుకు?” అని పెళ్లైన కొత్తలో అడిగాను.

“నోటితోటి అన్నప్పుడే కన్ను నిజంగ చూస్తది,” అన్నారు.

జపాన్ రైల్వేలో అయితే వేలెత్తి సిగ్నల్ వైపు చూపిస్తూ మరీ పైకి చెప్తారు. ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. ఎలక్ట్రిక్ ఇంజన్‌లో పైలట్ మెలకువగా ఉన్నాడో లేదో చూసే పరికరం ఒకటి ఉంటుంది. నిమిషం పాటు ఆయన ఏ హ్యాండిలూ కదపకపోతే, హారన్ కూడా కొట్టకపోతే ముందు లైటు వెలుగుతుంది. తర్వాత బజర్ మోగుతుంది. అప్పటికీ బటన్ నొక్కకపోతే బండికి బ్రేకులు పడిపోతాయి. నిమిషానికోసారి “నువ్వు ఇక్కడే ఉన్నావా?” అని అడిగే యంత్రం! ఈ మాట విన్న రోజు నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. వంట చేస్తూ, బస్సులో కూర్చుని, ఫోన్ చూస్తూ ఉన్నప్పుడు నన్ను నేను అప్పుడప్పుడు అడుగుతుంటాను. ఉన్నానా ఇక్కడ?

ఆయన దగ్గర నేర్చుకున్నది నేను మందుల దగ్గర వాడుతున్నాను. మందు లేబుల్ మూడుసార్లు చదవాలని మాకు మొదటి నుంచీ నేర్పుతారు. అరలోంచి తీసేటప్పుడు, సిరంజిలోకి ఎక్కించే ముందు, సీసా తిరిగి పెట్టేటప్పుడు. నేను ఇప్పుడు పేరు, డోసు పెదవులు కదిలిస్తూ చదువుతాను. ఒకే రంగు మూత, ఒకే సైజు సీసా, లోపల వేరే మందు ఉండేవి ఎన్నో. పేషెంట్‌ను కూడా “లక్ష్మమ్మవేనా?” అని అడగను, “నీ పేరేంది అమ్మా?” అని అడుగుతాను. వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలు ఉండడం మా దగ్గర వింతేం కాదు. మందులిచ్చే సమయంలో ఎవరైనా వచ్చి మాట్లాడిస్తే “ఒక్క నిమిషం” అంటాను. ఆ ఒక్క నిమిషం ఇవ్వడానికి ఎవరూ కాదనరు. కొత్తగా వచ్చిన అమ్మాయిలకు నేను చెప్పేది కూడా ఇదే: టెన్షన్ తగ్గించుకోవడం గురించి తర్వాత చూద్దాం, ముందు లేబుల్ మీద కన్ను నిలపండి. క్యాజువాలిటీలో పురుగుల మందు తాగిన కేసు వచ్చినప్పుడు, వానాకాలంలో పాము కాటు కేసులు వచ్చినప్పుడు గుండె కొట్టుకోకుండా ఎలా ఉంటుంది? నాకిప్పటికీ కొట్టుకుంటుంది. గుండె దడదడలాడుతున్నా చెయ్యి చేసే పని మీద మనసు ఉండొచ్చు. ప్రశాంతత వచ్చేదాకా ఆగితే మా పనిలో కుదరదు. ఇళ్లల్లో కూడా కుదరదనే నా నమ్మకం.

ఇంటికి నేను తెచ్చుకున్న పద్ధతి హ్యాండోవర్. షిఫ్టు మారేటప్పుడు దిగే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరం ప్రతి మంచం దగ్గరా నిలబడి మాట్లాడుకుంటాం. ఏం చేశాను, ఏం మిగిలింది, దేన్ని కనిపెట్టి చూడాలి. ఈ మూడే. మా ఇంట్లో ఒకరు వచ్చేసరికి ఇంకొకరు పోతుంటారు. తలుపు దగ్గర చెప్పుల చప్పుడు తప్ప మాట ఉండని రోజులు ఉంటాయి. ఫోన్‌లో మెసేజ్ పెట్టుకుంటే పని జరుగుతుంది గానీ మొహం కనిపించదు. అందుకని ఇద్దరం కలిసిన పూట, అది పది నిమిషాలైనా సరే, ఫోన్లు ఫ్రిజ్ మీద పెట్టేసి చాయ్‌తో కూర్చుంటాం. గ్యాస్ బుక్ చేశాను. నల్లా రాలేదు, ట్యాంకులో సగమే ఉంది. బిడ్డ సోమవారం లెక్కల పరీక్ష అంటోంది, కానీ భయం వేరే దాని గురించిలా ఉంది, అడిగి చూడు. ఇట్లా. చెప్పేవాళ్లు ముగించేదాకా వినేవాళ్లు మాట్లాడొద్దు. వార్డులో ఉన్న నియమమే.

కొన్నాళ్లకు బిడ్డ వచ్చి కూర్చుంది, “నాది కూడా తీసుకో మమ్మీ” అని. తొమ్మిదో తరగతి పిల్ల, మామూలుగా అడిగితే “ఏం లేదు” తప్ప మాట రాదు. ఏం చేశాను, ఏం మిగిలింది, దేన్ని కనిపెట్టాలి అని అడిగితే మాత్రం చెప్తుంది. మూడోదాని దగ్గర కాసేపు ఆలోచిస్తుంది. అక్కడే అసలు సంగతులన్నీ వస్తాయి. ఒక స్నేహితురాలు మాట్లాడడం మానేసిందని అట్లాగే తెలిసింది.

అత్తమ్మ మొదట్లో వింతగా చూసేది. సంక్రాంతి ముందు సకినాలు చుడుతూ కూర్చున్నప్పుడు తనూ మొదలుపెట్టింది. పిండి చేతిలో ఉంటే ఆమెకు మాట సులువుగా వస్తుంది. పాలాయనకు పైసలిచ్చిన, నువ్వులు ఇంక తేవాలె, వాము సరిపోతది. అక్కడితో ఆగింది. చుట్టు పూర్తి చేసి గుడ్డ మీద పెట్టి, తల ఎత్తకుండానే అంది: “నెలసంది మెట్లెక్కితే దమ్మొస్తుంది.”

మర్నాడు నాకు ఆఫ్టర్‌నూన్ డ్యూటీ. పొద్దున్నే తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 8.2. ఈ వయసులో ఎందుకు తగ్గిందో చూడాలని డాక్టర్ ఇంకొన్ని టెస్టులు రాశారు. ఐరన్ టాబ్లెట్లు ఇచ్చారు. చాయ్‌తో గానీ, తాగిన వెంటనే గానీ వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. అత్తమ్మ పొద్దున చాయ్ వదులుకోదు. అందుకని టాబ్లెట్‌ను పదకొండింటికి మార్చాం, నిమ్మకాయ నీళ్లతో. నేను డ్యూటీలో ఉన్న రోజు వేసుకుందో లేదో ఆయన అడగాలి, ఆయన బండి మీద ఉన్న రోజు నేను. ఇద్దరం లేని రోజు బిడ్డ స్కూల్ నుంచి రాగానే స్ట్రిప్పు చూసి చెప్తుంది. రిపోర్టులు శుక్రవారం వస్తాయి.